టైరు చూడాల

తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లని
బోర్డు మీద రాసుంటాది.
నా లెక్క వేరే.
చంద్రగిరిలో కల్యాణమండపం వెనక ఒకటి, గొళ్లెం లేదు.
కాశిపెంట్ల దాటినాక పెట్రోలు బంకులో ఒకటి,
తాళంచెవి ఓనరు జేబులో.
పూతలపట్టు కూడలిలో హోటలోళ్లది,
కాఫీ తాగితేనే రానిస్తారు,
కాఫీ తాగితే నేను మళ్లీ రావాల.
మధ్యలో అంతా మామిడితోపులు.
మొగోళ్లకు ప్రతి చెట్టూ ఒక స్టేజీ.

మూడున్నరకే లేస్తాను.
వంటకు కాదు, కడుపును బతిమాలుకోవడానికి.
ఒకసారి, రెండుసార్లు,
చెప్పులేసుకున్నాక మూడోసారి.
అయినా తుమ్మలగుంట దాటకముందే
ఇంకా అయిపోలేదంటారు లోపల ఎవురో.

రుయాలో గొట్టమేసి చూసినారు.
రక్తం, మలం, స్కానింగు,
కాగితాలన్నిట్లో నార్మల్.
"నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని
ఆ ఏమీ లేనిదానికి ఒక పేరు రాసిచ్చినాడు డాక్టరు,
ఐ.బి.ఎస్.
డిపోలో లీవు అడిగితే ఆ మూడక్షరాలు చెల్లలా.
కాలిరిగుంటే కట్టు చూపిస్తాను,
జొరమైతే చెయ్యి పట్టి చూడమంటాను,
దీన్ని ఏం చూపించేది?

మా అత్త వామునీళ్లు తాగమంటాది.
పెరుగు తినమంటాది, మళ్లా వద్దంటాది.
ఊరుబిండి వాసన చూసినా తప్పేనంటాది.
కాణిపాకంలో చెల్లెలి కూతురి పెళ్లికి పోయి
పెళ్లికూతురు యాడుందని అడగలా నేను, ముందు.
పంక్తిలో కూర్చోని
ఆకు మీద నీళ్లు చిలకరించి లేచినాను.
"కండక్టరుకు పొగరు" అన్నారు.
పొగరనుకుంటేనే మేలు.
కడుపు చించుకుంటే కాళ్లమీద పడతాదంటారు గదా,
చించుకోకుండానే పడతాదేమోనని
పదకొండేళ్లుగా బస్సులో నిలబడుండాను.

మొగిలప్పకు నేనేమీ చెప్పలా.
అద్దంలో చూసినాడు ఒకరోజు,
మిషను పట్టాల్సిన చెయ్యి కమ్మీని పట్టుకున్న తీరు,
చిల్లర లెక్క తప్పిన తీరు.
బంకు దగ్గర బస్సు పక్కకు తీసినాడు.
"టైరు చూడాల" అని దిగినాడు.
వెనక ఎడమ టైరును కాలితో తన్నినాడు, వంగి చూసినాడు,
నేనొచ్చేదాకా చూస్తానే ఉన్నాడు.
అప్పటినుంచి ఆరేళ్లు అదే టైరు.
బస్సు మారినా అదే టైరు.
డొక్కు బండని తిట్టినారు జనం,
డ్రైవరుకు చాదస్తమన్నారు.
తిరిగెక్కేటప్పుడు ఒక్కసారి కూడా
నా మొహం వైపు చూడలా ఆయన.
నాకు తెలిసిన మర్యాదల్లో
అంత పెద్దది ఇంకోటి లేదు.

పోయిన నెలాఖరున రిటైరైనాడు.
శాలువా కప్పినాం, మైసూరుపాకు పంచినాం,
నేను తినలా.
మాట్లాడమంటే గొంతు సవరించుకోని
"బండి టైర్లు బాగా చూసుకోండి" అని కూర్చున్నాడు.
అందరూ నవ్వినారు.
నేను బాత్రూముకు పోయినాను,
ఆరోజు కడుపు కోసం కాదు.

కొత్త డ్రైవరు చిన్నోడు, టైమంటే ప్రాణం.
ఎట్లా చెప్పేదా అని రోజూ అనుకుంటాను,
రోజూ చిత్తూరు వచ్చేస్తాది.

ఈ పొద్దు నాకు బాగానే ఉండాది.
కాశిపెంట్ల దాటినాక, మూడో సీట్లో కాలేజీ పిల్ల,
చేతిలో హాల్‌టికెట్టు నలిగిపోతా ఉండాది,
పైపెదవి మీద చెమట,
కిటికీ కమ్మీ మీద వేళ్లు తెల్లబడినాయి.
నాకు ఆ వేళ్లు తెలుసు.
"అక్కా" అని ఆపేసింది.
మిగిలింది నేను అడగలా. విజిలేసినాను.

"ఏందక్కా, ఈడ స్టేజీ లేదు గదా?"
"టైరు చూడాల."
"నిన్ననే గదా మార్చినారు!"
"అయినా చూడాల."

బంకు ఓనరు దగ్గర తాళంచెవి తీసి
ఆ పిల్ల చేతిలో పెట్టినాను.
ఎండలో వెనక ఎడమ టైరు పక్కన నిలబడి
కాలితో తన్నినాను.
గట్టిగానే ఉండాది.
ఇంకో రెండుసార్లు తన్నినాను,
ఆ పిల్ల నిదానంగా రానీ అని.